ఆ పుస్తకం మనం కొనవచ్చా?

(ఆకాశవాణి మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



ఇవాళ నేను మాట్లాడబోయేది ఊరగాయల గురించి కాదు, పిల్లల చదువుల గురించీ కాదు. ఒక పుస్తకం కొనాలా, కూడదా అని మా ఇంట్లో పదిహేను రోజులపాటు సాగిన వాదం గురించి. పుస్తకం కొనడానికి వాదమేమిటండీ, డబ్బుంటే కొంటాం, లేకుంటే ఊరుకుంటాం అంటారేమో మీరు. మొదట్లో నేనూ అదే అన్నాను.

సంగతేమిటంటే, మా అమ్మాయికి బీటిల్స్ పాటలంటే ప్రాణం. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న పిల్ల, తను పుట్టడానికి ముప్ఫై అయిదేళ్ళ ముందే విడిపోయిన పాటగాళ్ళను పట్టుకుని వేళ్ళాడుతోందంటే అది మా అన్నయ్య చలవే. అన్నయ్యకి విజయవాడలో బ్యాంకు ఉద్యోగం. కుర్రతనంలో ఆ క్యాసెట్లు టేపు తెగిపోయేదాకా విన్నాడు. తెగితే గోళ్ళరంగుతో అతికించుకుని మళ్ళీ విన్నాడు. ఆ గోళ్ళరంగు నాదే లెండి. మేనకోడలు పుట్టాక ఉయ్యాల దగ్గర కూర్చుని అవే పాడుతుంటే, “మనకి లాలిపాటలు కరువయ్యాయట్రా” అని మా అమ్మ విసుక్కునేది.

బీటిల్స్ అంటే ఎవరో ఎరగనివాళ్ళు మనలో ఉండవచ్చు. ఇంగ్లండులో లివర్‌పూల్ అనే రేవుపట్నం కుర్రాళ్ళు నలుగురు. జాన్ లెనన్, పాల్ మెక్కార్ట్నీ, జార్జ్ హారిసన్, రింగో స్టార్. 1962లో వాళ్ళ మొదటి రికార్డు వచ్చింది, 1970కల్లా విడిపోయారు. అంతే, ఎనిమిదేళ్ళు. ఆ ఎనిమిదేళ్ళలో ప్రపంచమంతా వాళ్ళ వెంట పడింది. నలుగురిలోకీ నోటి దురుసూ, మాట చమత్కారమూ ఎక్కువగా ఉన్నవాడు జాన్ లెనన్. 1980 డిసెంబరు 8వ తేదీ రాత్రి న్యూయార్కులో, తను కాపురముంటున్న భవనం వాకిట్లోనే అతన్ని ఒకడు కాల్చి చంపాడు. ఆ సాయంత్రమే రికార్డు అట్టమీద అతనిచేత సంతకం పెట్టించుకున్నవాడే ఆ పని చేశాడు. జాన్‌కి అప్పటికి నలభై ఏళ్ళు. భార్య పక్కనే ఉంది.

ఇక మా తగాదా. హైదరాబాదులో ఆదివారం పూట ఆబిడ్స్‌లో కొట్లన్నీ మూసి ఉంటే ఆ పేవుమెంట్ల మీద పాత పుస్తకాలు పరిచి అమ్ముతారు, మీకు తెలిసిందే. అమ్మాయీ నేనూ వెళ్ళాం. నేను కుట్లు అల్లికల పుస్తకాలు తిరగేస్తుంటే అది ఒక్క కేక పెట్టింది. చేతిలో ఇటుకంత లావు పుస్తకం. పేరు ‘ది లైవ్స్ ఆఫ్ జాన్ లెనన్’, రాసినాయన ఆల్బర్ట్ గోల్డ్‌మన్. రెండువందల యాభై చెప్పాడు, బేరమాడితే నూటయాభైకి దిగాడు. అమ్మాయి ఉత్సాహం పట్టలేక అక్కడినుంచే మామయ్యకి ఫోను చేసింది. అటునుంచి ఏం వినబడిందో గాని పిల్ల ముఖం మాడిపోయింది. పుస్తకం తీసినచోటే పెట్టేసి, “పద అమ్మా” అంది.

రాత్రి భోజనాలయ్యాక మళ్ళీ ఫోను. ఈసారి అందరికీ వినబడేటట్టు పెట్టింది. అన్నయ్య చెప్పినదీ, తరువాత నేను అడిగీ, అమ్మాయి చేత చదివించుకునీ తెలుసుకున్నదీ కలిపి చెబుతాను.

ఈ గోల్డ్‌మన్ సామాన్యుడు కాదు. అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పినవాడు. 1981లో ఎల్విస్ ప్రెస్లీ అనే గాయకుడి మీద ఒక పుస్తకం రాసి, ఆ గాయకుడి అభిమానుల చేత నానా మాటలూ పడ్డాడు. ఆ తరువాత లెనన్ మీద పడ్డాడు. పన్నెండువందల మందిని కలిసి మాట్లాడి రాసిందని ఆ పుస్తకాన్ని గురించి చెప్పుకున్నారు. 1988లో అచ్చయింది, సుమారు ఏడువందల పేజీలు. అందులో జాన్ గురించీ, భార్య యోకో ఓనో గురించీ రాసిన రాతలు చూసి జనం నిర్ఘాంతపోయారు. ఆ రాతలేమిటో నేనిక్కడ చెప్పను. వద్దు వద్దంటూనే రేడియోలో నాలుగు ఊళ్ళకి వినిపిస్తే నేను చేసే మంచిపని ఏముంది?

పాల్ మెక్కార్ట్నీ ఆ పుస్తకం చెత్త అన్నాడు, ఎవరూ కొనవద్దని అభిమానులకు చెప్పాడు. పాటల పత్రికల్లో పేరున్న ‘రోలింగ్ స్టోన్’ ఆ అక్టోబరులోనే ఇద్దరు విలేకరుల చేత ఆరా తీయించి పెద్ద వ్యాసం వేసింది. పుస్తకంలో తప్పులు చాలా ఉన్నాయనీ, తమ మాటల్ని వంకరతిప్పి రాశారని కొందరు వాపోయారనీ అందులో ఉంది. యూటూ అనే ఐర్లండు బృందంవాళ్ళు గోల్డ్‌మన్‌ని పాటలోకెక్కించి మరీ తిట్టారు. ఇంతా చేస్తే ఏమయిందంటారా? పుస్తకం బ్రహ్మాండంగా అమ్ముడుపోయింది.

కొన్నదెవరు? ఇది నాకు తోచిన ప్రశ్న, అన్నయ్యని అడిగాను. లెనన్ అంటే గిట్టనివాడు అతని మీద ఏడువందల పేజీల పుస్తకం డబ్బు పోసి కొంటాడా? వాడికేం పట్టింది! కొన్నది అతని మీద ప్రాణం పెట్టుకున్నవాళ్ళే. అట్టమీద అతని పేరుంటే చాలు, కొనకుండా ఉండలేనివాళ్ళే. ఆ సంగతి అచ్చువేసేవాళ్ళకి బాగా తెలుసు. మనిషిని తిట్టే పుస్తకాన్ని ఆ మనిషిని ప్రేమించేవాళ్ళ డబ్బుతోనే నడిపిస్తారన్నమాట. ఇది విన్నప్పుడు నాకు ఒళ్ళు మండింది. మన వంటింటి భాషలో చెప్పాలంటే మన పప్పూ ఉప్పూ పట్టుకెళ్ళి వండి, మన ఇంటి మనిషినే పంక్తిలోంచి లేపేసినట్టు.

“అందుకే ముట్టుకోవద్దన్నాను,” అన్నాడు అన్నయ్య.

మా అమ్మాయి ఊరుకునే రకం కాదు. “అది పాతపుస్తకం మామయ్యా. ఆ నూటయాభై పేవుమెంటు మీద కూచున్న తాతకి పోతుంది గాని గోల్డ్‌మన్‌కి పోదు. ఆయన 1994లోనే చచ్చిపోయాడు కూడా,” అంది. దానికి అన్నయ్య, “డబ్బు పోకపోతే పోకపోయిందే, నువ్వు కూచుని ఆ మాటలు వింటావు కదా. రేపు నలుగురి దగ్గరా అంటావు కదా,” అన్నాడు. అమ్మాయి మరో ప్రశ్న వేసింది. “పాల్ వద్దన్నాడని మానెయ్యాలా? చదవకుండా అబద్ధమని నీకెలా తెలుసు?” ఇక్కడ అన్నయ్య తడబడ్డాడు. ఎందుకంటే అన్నయ్య కూడా ఆ పుస్తకం చదవలేదు. ముప్ఫై ఏళ్ళుగా తిడుతున్నాడు, అంతే.

అప్పుడు అన్నయ్య వెనకాల మంచం మీద పడుకుని ఇదంతా వింటున్న మా అమ్మ అందుకుంది. అమ్మ వాడి దగ్గరే ఉంటుంది. ఎనభై దాటిన మనిషి. “ఏమిట్రా ఈ గొడవ? ఆ అబ్బాయి పెళ్ళాన్ని ఎవరన్నా అడిగారా?” అంది.

ఈ మాట అమ్మ ఊరికే అనలేదు. ఎందుకందో నాకు తెలుసు, అన్నయ్యకీ తెలుసు. కాస్సేపు ఫోనులో ఎవరం మాట్లాడలేదు.

ఇక్కడ నేను చేసిన తప్పొకటి చెప్పాలి. మా నాన్నగారు హార్మోనియం వాయించేవారు. తెనాలి ప్రాంతంలో పద్యనాటకాలకు ఆయన వాయిద్యం ఉందంటే జనం బండ్లు కట్టుకు వచ్చేవారని చెప్పుకుంటారు. పోయినవారి గొప్ప చెప్పుకోవడంలో కొంత పెంపు ఉంటుందనుకోండి, అయినా ఆయనకి అభిమానులుండేవారన్నది నిజం. ఆయన పోయిన మూడేళ్ళకి అలాంటివారు కొందరు చందాలు వేసుకుని ఒక జ్ఞాపిక వేస్తామన్నారు. నాన్నగారి డైరీలుంటే ఇమ్మన్నారు. డైరీలంటే డైరీలు కావు, పాత చిట్టా పుస్తకాల వెనకవైపు ఆయన రాసుకున్న నాలుగు ముక్కలు. నా దగ్గర ఉన్నాయి. అమ్మనొక మాట అడగాలని కూడా నాకు తట్టలేదు, సంతోషంగా తీసి ఇచ్చాను.

పుస్తకం వచ్చింది. అట్టమీద నాన్నగారి ఫోటో, నుదుట బొట్టు, భుజాన కండువా. చూడగానే నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. లోపలేముందో చూడకుండానే ఇరవై ప్రతులు కొన్నాను. బంధువులందరికీ పంచాను.

అందులో ఒక పేజీలో ఉంది. నాటకం వాళ్ళకి జీతాలివ్వడానికి డబ్బు చాలక నాన్నగారు అమ్మ గాజులు రెండు జతలు తాకట్టు పెట్టారని. అది నిజమే, చిట్టాలో రాసుకున్నారు. కాని అచ్చువేసినవారు దానికి తమ మాటలు చేర్చారు. ఇల్లాలు తన చేతులారా నగలు తీసి కళకు సమర్పించిందని, అటువంటి సహధర్మచారిణి ఉండబట్టే ఆయన అంతటివాడయ్యాడని. పొగడ్తే! ఎవరిని చూసినా అమ్మను పొగిడేవాళ్ళే. అమ్మకి చూపు ఆనదు, ఎదురింటి పిల్ల చదివి వినిపించింది. విని అమ్మ నాకు ఫోను చేసింది. “నేను తీసివ్వలేదే! పెట్టెలోంచి అడక్కుండా పట్టుకెళ్ళారు. నాలుగు నెలలు ఆ బోసి చేతులు కొంగుచాటున దాచుకు తిరిగాను. ఇరవై కొన్నావా? ఇరవై ఇళ్ళల్లో నేను దాతనైపోయానా?” అంది. తరువాత నెలరోజులు నాతో మాట్లాడలేదు. పంచిన పుస్తకాలు వెనక్కి అడగలేను కదా. ఇప్పటికీ పెళ్ళిళ్ళలో ఎవరో ఒకరు ఆ గాజుల మాటెత్తి అమ్మకి దణ్ణం పెడతారు. అమ్మ ముఖం పక్కకి తిప్పుకుంటుంది.

అందుకని తిట్టిన పుస్తకం చెడ్డది, పొగిడిన పుస్తకం మంచిది అంటే నేను ఒప్పుకోను. ఆ కథలో బతుకుతున్న మనిషిని అడిగారా లేదా, ఆ కాగితాలు ఎలా చేతికొచ్చాయి, ఇవి చూడాలి ముందు. బీటిల్స్ ఉచ్చదశలో ఉండగా, 1968లో హంటర్ డేవిస్ అనే ఆయన వాళ్ళ అనుమతితోనే జీవితకథ రాశాడు. జాన్‌ని చిన్నప్పటినుంచీ పెంచింది వాళ్ళ పెద్దమ్మ, మిమీ అని. అల్లరిచిల్లరగా తిరిగిన రోజుల సంగతులు చదివి ఆవిడ చిన్నబుచ్చుకుందట, ఆవిడకోసం కొంత సవరించవలసి వచ్చిందట. ఆ తరువాత జాన్ తనే, అసలు సంగతులన్నీ తీసేశారని ఆ పుస్తకాన్ని ఎద్దేవా చేశాడు. చూశారూ, అనుమతి ఉన్న పుస్తకంలోనూ లోటే. కాని గోల్డ్‌మన్ పుస్తకం వచ్చేనాటికి ఆ పెద్దమ్మ బతికే ఉంది. ఎనభై రెండేళ్ళు. జాన్ కొనిచ్చిన ఇంట్లోనే ఉండేది. చిన్నకొడుకు షాన్‌కి ఇంకా పదమూడేళ్ళు నిండలేదు. బడికి వెళ్ళే పిల్లాడు. నాన్న గురించి దుకాణాల అద్దాల వెనక పేర్చి అమ్ముతుంటే ఆ పిల్లాడు ఆ వీధిన ఎలా నడిచాడో!

పోయినవాడి మీద ఏం రాసినా ఇంగ్లండులోను, అమెరికాలోను పరువునష్టం దావా చెల్లదట. దావా వెయ్యడానికి మనిషే లేడు గదా అని. మా వీధిలో ఒక వకీలుగారి భార్య చెప్పింది, మన దగ్గర మాత్రం కొంచెం తేడా ఉందట. పాత పీనల్ కోడులోనూ, 2024 జూలై నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయసంహితలోనూ, చనిపోయినవారి మీద వేసిన నింద వారి ఇంట్లోవాళ్ళ మనసు నొప్పించే ఉద్దేశంతో వేసినదైతే అదికూడా నేరం కింద రావచ్చునట. చట్టం రాసినవాళ్ళకి ఇంట్లోవాళ్ళు గుర్తొచ్చారు, సంతోషం.

కాగితాలు చేతికెలా వచ్చాయన్నానే, అదీ చెబుతాను. జాన్ దగ్గర జీతానికున్న సహాయకుడొకడు, జాన్ పోయాక అతని డైరీలు ఇంట్లోంచి పట్టుకుపోయాడు. 1983లో కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. డైరీలు తిరిగి ఇంటికి చేరాయి. అయినా 1991లో అతను జాన్ చివరి రోజుల మీద పుస్తకం వేసుకున్నాడు. అదీ అమ్ముడుపోయింది. ఇక్కడ నాకు మీమాంస లేదు. మన ఇంట్లో పనికి కుదిరి, పెట్టె తీసి ఉత్తరాలు పట్టుకెళ్ళినవాడు రేపు మన బతుకు మీద పుస్తకం వేస్తే, ఎంత నిజం రాసినా మన చేతి డబ్బు వాడికివ్వం.

అయితే మీరొక మాట అడగవచ్చు. నిజం బయటికి రావద్దా, గొప్పవాళ్ళు చేసిన తప్పులు దాచిపెట్టాలా అని. దాచమని నేననను. అభిమానులనేవాళ్ళు, మన సినిమా అభిమానుల సంగతి నేను చెప్పక్కర్లేదు, తమ దేవుడు తప్పు చేశాడంటే కొట్టడానికొస్తారు. జాన్ లెనన్ తన నోటితో తనే ఒప్పుకున్నాడు, 1980లో ఒక పత్రికవాళ్ళతో మాట్లాడుతూ, వయసులో ఉండగా ఆడవాళ్ళ మీద చెయ్యిచేసుకున్నానని. లోకానికి శాంతి బోధించే పాటలు పాడినవాడు! ఇది అన్నయ్యకి తెలుసు. ముప్ఫై ఏళ్ళలో నాకు చెప్పలేదు, మేనకోడలికీ చెప్పలేదు. ఆ పాటలన్నీ వినిపించాడు గాని ఈ ఒక్క మాట వినిపించలేదు. నాకు అన్నయ్య మీద కోపం వచ్చింది. గోల్డ్‌మన్ అబద్ధాలు రాశాడని కోపం తెచ్చుకునేవాడు, నిజం దాచడం ఏమిటి?

అందుకే అమ్మ ప్రశ్న నాకు నచ్చింది. ఆ అబ్బాయి పెళ్ళాన్ని అడిగారా?

అడగలేదు. అడిగేదాకా ఆవిడే ఊరుకోలేదు. మొదటి భార్య పేరు సింథియా. 1962లో పెళ్ళయింది. అభిమానులు దూరమవుతారేమోనని పెళ్ళి సంగతి మొదట బయటికి పొక్కనివ్వలేదు. పిల్లాడు పుట్టాడు, జూలియన్. 1968లో విడాకులయ్యాయి. పదేళ్ళ తరువాత, 1978లో ఆవిడ తన కథ రాసుకుంది. ఆ రాతలు ఒక ఇంగ్లండు పత్రికలో రాబోతుంటే జాన్ కోర్టుకెక్కాడు, మా కాపురం సంగతులు బయటపెట్టకుండా ఆపండని. జడ్జీలు ఒప్పుకోలేదు. మీరిద్దరూ ఇదివరకే మీ కాపురం గురించి నలుగురికీ చెప్పుకున్నారు, ఇప్పుడది గుట్టు ఎలా అవుతుందన్నారు.

ఈ ముక్క చెప్పేసరికి అన్నయ్య, “అదీ అంతేగా, మొగుడి పేరు అమ్ముకోవడమేగా,” అన్నాడు. నేను ఒప్పుకోలేదు. కాపురంలో మొగుడిది సగమైతే పెళ్ళానిది సగం. సహాయకుడు పట్టుకెళ్ళినవి జాన్ డైరీలు. సింథియా రాసినవి సింథియా రోజులు. అవి ఆవిడవి. జాన్ తన కోపాలు, తాపాలు, పెళ్ళాం, తల్లి అన్నీ పాటలు కట్టి అమ్ముకోవచ్చు గాని, వెనక గదిలో పిల్లాడిని పెట్టుకుని కూచున్నావిడ తన కథ చెప్పుకోకూడదా? మా అమ్మ చదువుకున్నదయితే, ఆ గాజుల కథ తను రాసుకుని ఉంటే, అదేం నాన్నగారిని అల్లరి పెట్టడం అవుతుందా? నేనైతే మొదటి ప్రతి కొంటాను.

“అయినా జాన్ ఒకరి సంగతి ఆలోచించాడా?” అంది మా అమ్మాయి. ఇది నేను ఊహించని మలుపు. మన దేశంలోనే జరిగిన సంగతి. 1968లో నలుగురూ ఋషీకేశంలో మహర్షి మహేశ్ యోగి ఆశ్రమానికి వచ్చారు ధ్యానం నేర్చుకోవడానికి. సింథియా కూడా వచ్చింది. ఆ మహర్షి మీద ఎవరో ఏదో పుకారు పుట్టించారు. జాన్ ఏప్రిల్‌లో కోపంగా వెళ్ళిపోయాడు. పోతూపోతూ ఆయన మీద పాట కట్టాడు. ముందు ఆయన పేరే పెట్టాడట, జార్జ్ బతిమాలితే పేరు మార్చాడు. ఆ పాట ఆ నవంబరులోనే రికార్డుగా వచ్చి, లక్షల ఇళ్ళకి చేరింది. ఆ పుకారును తాము నమ్మడం లేదని జార్జ్, పాల్ ఇద్దరూ తరువాతి కాలంలో అన్నారు. సింథియా కూడా అనుమానించింది. “మరి ఆ రికార్డు మనింట్లో ఉంది కదా మామయ్యా, అది కొనవచ్చా?” అని అడిగింది పిల్ల.

అన్నయ్య దగ్గర దీనికి జవాబు లేదు. నా దగ్గరా లేదు, మీతో అబద్ధమాడడమెందుకు? ఆ పాట రాగం బాగుంటుందని వాడన్నాడు. రాగం బాగున్నంత మాత్రాన, అని అంటూ ఆగిపోయాను. నాన్నగారి ఫోటో బాగుందనే కదా నేను ఇరవై కొన్నది.

ఆ తరువాత ఆదివారం మళ్ళీ ఆబిడ్స్ వెళ్ళాం. గోల్డ్‌మన్ పుస్తకం అక్కడే ఉంది. ఎవరూ కొనలేదు, ఎండకి అట్ట వంగిపోయి ఉంది. నేను అమ్మాయితో, “నీ ఇష్టం. చదవాలనుంటే ఏ లైబ్రరీలోనో దొరుకుతుందేమో చూసి తెచ్చుకో, కొని ఇంట్లో పెట్టడం నాకిష్టం లేదు. చదివినా, ఆ పత్రికవాళ్ళు రాసిన వ్యాసం కూడా పక్కన పెట్టుకు చదువు,” అన్నాను. నిషేధం పెట్టలేదు. వద్దన్న పుస్తకం దిండు కింద చేరుతుందని మనకి తెలియదూ! అది కాస్సేపు ఆలోచించి ఆ పుస్తకం మళ్ళీ కింద పెట్టింది. ఎందుకు పెట్టిందో చెప్పలేదు, నేనూ అడగలేదు.

దాని బదులు సింథియా 2005లో రాసిన రెండో పుస్తకం, ‘జాన్’ అని, కొత్తదే తెప్పించుకుంది. దానికి కొడుకు జూలియన్ ముందుమాట రాశాడు. పూర్తి ధర పెట్టి కొన్నది, నేనే ఇచ్చాను డబ్బు. సింథియా 2015లో పోయింది. ఆవిడ తన మాటగా చెప్పిన చోట చెబుతుంది, తెలియని చోట ఊరుకుంటుంది అంది అమ్మాయి. ఆవిడ మాత్రం అంతా నిజమే రాసిందా అంటే, కాపురాల్లో ఎవరి నిజం వారిది. కాని దానికింద సంతకం ఉంది కదా, ఇది నా బతుకు అని.

అన్నయ్య ఇంకా గొణుగుతూనే ఉన్నాడు. అయినా మొన్న ఫోను చేసి, “నువ్వు చదివాక నాకు పంపు,” అన్నాడు మేనకోడలితో. పక్కనుంచి అమ్మ, “నాకు తెలుగులో చెప్పండర్రా, ఆ పిల్ల ఏమందో,” అంది.

ఆ పని ఇప్పుడు నా మీద పడింది. మెట్రిక్ చదువు నాది, ఇంగ్లీషు నెమ్మదిగా నడుస్తుంది. మధ్యాహ్నం పనయ్యాక రెండేసి పేజీలు డిక్షనరీ పెట్టుకు చదివి, సాయంత్రం అమ్మకి ఫోనులో చెబుతున్నాను. ఇంకా పెళ్ళి దగ్గరే ఉన్నాం. ఆ రోజు ఆ రిజిస్ట్రారు ఆఫీసు బయట ఎవరో మరమోత పెట్టారట, ప్రమాణాలు ఒకరివి ఒకరికి వినబడలేదట. అమ్మ అది విని చాలాసేపు నవ్వింది.